పడమటి వేగుచుక్క

ఏసురత్నాన్ని మట్టిలో పెట్టి రెండు ఆదివారాలు దాటింది. వత్సవాయి పెద్దమనుషులు అన్నాళ్ళు కూడా ఆగలేదు. సమాధి మీద మట్టి ఆరకముందే అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేశారు. వేగుచుక్క పొడిచాకే పాలేర్లను పిలిచారు, అది తాతల నాటి కట్టుబాటు. వేగుచుక్క పొడిచిందంటే తూర్పు తెల్లబడబోతున్నట్టే. ఆ వెలుతురులో బావిమెట్లు కనపడి తీరాలి. కనపడలేదంటే వాడు తాగి ఉండాలి. అంతే. ఆయిలింజను తిప్పటానికి బావిలోకి దిగుతూ, నాచు పట్టిన మెట్టు మీద కాలుజారి, బండకు తల పగిలి చచ్చిపోయిన మనిషి, జన్మలో కల్లుముంత ముట్టని మనిషి, ఆ తీర్పుతో తాగుబోతైపోయాడు. పైగా ఉగాదిదాకా ఒప్పుకున్న పాలేరుతనం మధ్యలో వదిలి పోయాడట! కాబట్టి మిగిలిన కాలమంతా అతని పెళ్ళాం ఆరోగ్యమ్మ వరప్రసాదరావు గారి గొడ్లచావిట్లో పేడ ఎత్తి తీర్చాలన్నారు. చచ్చినవాడి చాకిరీ బతికున్నదాని నెత్తిన పెట్టి, కండువాలు దులుపుకుని లేచారు.

ఆ తీర్పు విని కిక్కురుమనకుండా ఇంటికొచ్చినవాడు స్తెఫను. చనిపోయినవాడికి సొంత అన్న. వరప్రసాదరావు గారికి పెద్దపాలేరు. తూర్పున గట్టు మీద చుక్క కనపడగానే పల్లెలో గుడిసె గుడిసెకీ తిరిగి పాలేర్లను కేకేసి లేపటం అతని పని. ఆ పొద్దు తమ్ముణ్ణి లేపింది అతని గొంతే. శవపెట్టె పక్కన కూర్చున్న ఆరోగ్యమ్మ గుండెలు బాదుకోలేదు. తలెత్తి ఒక్క మాట అడిగింది.

"ఎందుకు లేపావు బావా?"

ఆ మాట మోసుకుని తిరుగుతున్న స్తెఫనుని పోయిన వారం మనం వదిలింది జగ్గయ్యపేట బస్సులో, ఒళ్ళో టెలిస్కోపుతో.

ఆ టెలిస్కోపు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలి. జగ్గయ్యపేట కాలేజీ కమిటీకి వరప్రసాదరావు గారు ప్రెసిడెంటు. తండ్రి బసవయ్య గారి పేరు నిలవాలని మద్రాసుకు మనిషిని పంపించి ఆ టెలిస్కోపు తెప్పించాడు. ఇత్తడి రేకు మీద పేరు చెక్కించి, సభ చేసి, దండ వేయించుకుని కాలేజీకి దానం చేశాడు. సభ అయ్యాక జీపులో పెట్టుకుని మళ్ళీ ఇంటికి తీసుకుపోయాడు. కాలేజీలో ఉంటే పాడుచేస్తారట! అప్పటినుంచీ ప్రతి గురువారం స్తెఫను దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పేటకు మోసుకొస్తాడు. క్లాసు అయిందాకా కాపలా కూర్చుని మళ్ళీ మోసుకుపోతాడు. దాత ఇంటి బీరువాలో ఉండే దానం అది.

క్లాసు నడిపేది ప్రేమకుమారి. ఫిజిక్సు లెక్చరర్. నందిగామ పిల్ల, మిషను బడి పంతులు గారమ్మాయి. పగలు కాలేజీలో జీతానికి చెప్పే చదువు ఎటూ చెబుతుంది. వారానికొక సాయంత్రం మాత్రం ఊళ్ళోవాళ్ళ కోసం ఆకాశం గురించి తొలిపాఠాలు చెబుతానంది. ఫీజు లేదు, పరీక్ష లేదు, ఎవరైనా రావచ్చు. టైలరు వస్తాడు, బస్సు కండక్టరు వస్తాడు, కోర్టు గుమస్తా వస్తాడు. వసారా మెట్టు మీద టెలిస్కోపు పెట్టెకు ఆనుకుని కూర్చున్న స్తెఫనుని మాత్రం చాలా కాలం ఎవరూ లెక్కపెట్టలేదు. మొదటిసారి ఆమె "స్తెఫను గారూ, లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చోండి" అన్నప్పుడు, అదే పేరుతో ఇంకెవరున్నారా అని అతను వెనక్కి తిరిగి చూశాడు.

ఆ గురువారం పొద్దుగూకేసరికి కాలేజీ ఆవరణలో కుర్చీలు వేశారు. క్రిస్మస్ దగ్గరపడింది, చలి మొదలైంది. వరప్రసాదరావు గారు తల్లి పున్నమ్మ గారిని వెంటబెట్టుకుని జీపులో దిగాడు. కన్ను మూసేలోపు తన మొగుడి పేరున్న గొట్టంలోంచి ఒక్కసారి చూడాలని ఆ ముసలావిడ పంతం. ప్రిన్సిపాల్ వెంకటరత్నం గారు పరుగున వచ్చి ఆవిడకు తన కుర్చీయే వేశాడు. కమిటీ ప్రెసిడెంటు తల్లి అంటే మాటలా? ఆవిడ అడిగితే చంద్రుణ్ణి కూడా కుర్చీ పక్కన తెచ్చి పెట్టేవాడు. ఆ పూట చంద్రుడు లేడు గనక బతికిపోయాడు.

పడమట, హైదరాబాద్ రోడ్డు మీద పోయే లారీల పైన, ఒకే ఒక్క చుక్క ధగధగా మెరుస్తోంది. ప్రేమకుమారి టెలిస్కోపు అటు తిప్పింది.

"చూడండమ్మా."

పున్నమ్మ ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది. తల తీసి చుక్క వంక చూసింది. మళ్ళీ గొట్టంలోకి చూసింది.

"చుక్కేందే అమ్మాయ్, ఇది నెలవంక గదా! ఎవరో కొరుక్కు తినేసినట్టుంది."

అందరూ నవ్వారు. "అది చుక్క కాదండీ, గ్రహం. శుక్రుడు. చంద్రుడిలాగే పెరుగుతాడు, తరుగుతాడు" అంది ప్రేమకుమారి. "మన ఊళ్ళలో వేగుచుక్క అంటారే, అది ఇదే."

"నాకు తెలీదనుకున్నావా? వేగుచుక్క పడమటేందమ్మా? తెల్లారుజామున తూర్పున పొడిస్తే గదా వేగుచుక్క!"

"అదే ఇదండీ. కొన్ని నెలలు తెల్లారుజామున తూర్పున కనపడుతుంది. కొన్ని నెలలు ఇట్లా సాయంత్రం పడమట కనపడుతుంది. సాయంత్రం పడమట ఇట్లా వెలుగుతున్న రోజుల్లో తెల్లారుజామున తూర్పున ఉండదు. పోయిన ఎండాకాలం నుంచీ ఇది సాయంత్రం చుక్కే."

టెలిస్కోపు కాలు పట్టుకుని నిలబడ్డ స్తెఫను ఒక్కసారిగా చుక్క వైపు తిరిగాడు. గొట్టం కదిలి శుక్రుడు పక్కకు జారిపోయాడు. "ఒరేయ్, సరిగ్గా పట్టుకో" అన్నాడు వరప్రసాదరావు గారు.

స్తెఫనుకి ఆ మాట వినపడలేదు. అతని చెవిలో వేరే గొంతు పలుకుతోంది. ఆ పొద్దు, కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, గుడిసె ముందు దుప్పటి కప్పుకుని నిలబడ్డ తమ్ముడి గొంతు.

'అన్నా, నిన్న సాయంత్రం ప్రార్థన నుంచి వస్తుంటే పెద్దచుక్క పడమట ఉంది గదా? రాత్రికి రాత్రి తూర్పుకి ఎట్టా వచ్చింది?'

'దేవుడు తోలాడు. మూసుకుని పద' అన్నాడు తను. అదీ అన్నదమ్ములిద్దరూ ఆఖరిసారి మాట్లాడుకున్న మాట.

"అమ్మా" అన్నాడు స్తెఫను.

అన్ని వారాల్లో అతను క్లాసులో నోరు విప్పటం అదే మొదలు. ప్రేమకుమారి తిరిగి చూసింది.

"ఆ రెండూ ఒకటేనని నాకు బోధపడేట్టు ఇంకోసారి చెప్తారా?"

ఆమె లోపలికి వెళ్ళి లాంతరు తెచ్చి ఆవరణ మధ్యలో స్టూలు మీద పెట్టింది. "ఇది సూర్యుడు. ప్రిన్సిపాల్ గారూ, మీరు శుక్రుడు. లాంతరు పక్కనే చుట్టూ తిరగండి. స్తెఫను గారూ, మీరు భూమి. మీరు దూరంగా, ఆ కుర్చీల దగ్గర్నుంచి తిరగండి. మీ చూపు మాత్రం లాంతరు మీద ఉండాలి."

వెంకటరత్నం గారు పంచె పట్టుకుని మొహమాటంగా తిరగటం మొదలుపెట్టాడు. "ప్రిన్సిపాల్ గారికి మళ్ళీ పెళ్ళిరోయ్, అగ్నిహోత్రం చుట్టూ తిరుగుతున్నారు!" అన్నాడు టైలరు. కండక్టరు ఈల వేశాడు. పున్నమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

స్తెఫను నవ్వలేదు. నడుస్తూ చూస్తున్నాడు. నాలుగడుగులు వేసేసరికే అర్థమైపోయింది. ఇది కంకులు తొక్కించే కళ్ళం, ఎడ్లు విడివిడిగా తిరుగుతున్నాయి అంతే. లాంతరు మధ్యన పాతిన గుంజ. ప్రిన్సిపాల్ గారు గుంజ పక్కన తిరిగే లోపలి ఎద్దు. తను బయట ఎద్దు. బయట ఎద్దు కళ్ళతో చూస్తే లోపలి ఎద్దు ఓసారి గుంజకు ఎడంపక్క కనపడుతుంది, ఓసారి కుడిపక్క. గుంజను వదిలి దూరం పోవటానికి లేదు. ఒకేసారి రెండుపక్కలా ఉండటానికి లేదు. ఒక పక్క ఉంటే సాయంత్రం చుక్క, రెండో పక్క ఉంటే తెల్లారుజాము చుక్క. ఎన్నేళ్ళు కళ్ళాల్లో ఎడ్లను తోలాడు తను! ఎన్నివేల చుట్లు తిరిగాడు!

ఆగిపోయాడు.

"అయితే అమ్మా, ఇప్పుడు తెల్లారుజామున తూర్పున పొడుస్తుంది చూడండి, పెద్దది, తెల్లగా... అదేంది?"

"గురుడు. అదీ గ్రహమే, బాగా వెలుగుతుంది. కానీ వేగుచుక్క కాదు."

"అది పొడిచినాక తెల్లారటానికి ఎంతసేపు పడతది?"

ఏసురత్నం సంగతి ప్రేమకుమారికి తెలుసు. ప్రశ్న ఎక్కడికి పోతోందో ఆమెకు అర్థమైంది. వరప్రసాదరావు గారి వంక ఒకసారి చూసింది. ఉద్యోగం ఆయన చేతుల్లో ఉంది. చూపు తిప్పుకుని స్తెఫను మొహంలోకి చూసి చెప్పింది.

"చాలాసేపు పడుతుందండీ. ఈ నెల మొదట్లో అది పొడిచేవేళకి కోడి కూడా కూసి ఉండదు. వేగుచుక్కలాగా సూర్యుణ్ణి అంటిపెట్టుకుని ఉండదది. రోజురోజుకీ ముందే పొడుస్తుంది. పుష్యమాసానికి అర్ధరాత్రే వచ్చేస్తుంది."

నవ్వులు ఆగిపోయాయి. లాంతరు చుట్టూ తిరుగుతున్న శుక్రుడు కూడా పంచె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"విన్నారా అయ్యా?" అన్నాడు స్తెఫను.

వరప్రసాదరావు గారు కాలు మీద కాలు తీశాడు. "ఏంటిరా వినేది?"

"వేగుచుక్క పొడిచినాక పిలిచామని మీరు అరుగు మీద చెప్పారు. పెద్దలు తీర్పిచ్చారు. ఈ నెలలో తూర్పున వేగుచుక్క లేనే లేదంట. నా తమ్ముడు దిగింది వెలుతురులో కాదయ్యా. నడిచీకట్లో దిగాడు. మెట్టు కనపడక పోయాడు. తాగి పోలేదు."

"మేడమ్ గారూ" అన్నాడు వరప్రసాదరావు, స్తెఫనుకి జవాబివ్వకుండా, "మీరు పాఠం చెప్పండి. పంచాయతీ పెట్టకండి."

"పాఠమే చెప్పానండీ. ఆయన సందేహం అడిగారు."

"పాలేరుకి సందేహమేంటండీ!"

"ఫీజు లేని క్లాసు సార్. సందేహం ఎవరికైనా రావచ్చు."

"అమ్మా ప్రేమకుమారీ..." అని వెంకటరత్నం గారు అందుకోబోయాడు. ఏమనాలో తోచక "టీ తెప్పించనా?" అన్నాడు.

వరప్రసాదరావు లేచి నిలబడ్డాడు. మనిషి ఎర్రబడ్డాడు. "ఏరా, నేనిచ్చిన టెలిస్కోపు ముందు నిలబడి నన్నే నిలదీస్తావా? శుక్రుడైతే ఏంటి, గురుడైతే ఏంటి? చుక్క చుక్కే. పొడిచింది, పిలిచాం."

"చుక్క చుక్కేనా అయ్యా? అయితే పుష్యమాసంలో అర్ధరాత్రి పొడుస్తదంట. అప్పుడు అర్ధరాత్రే లేచి మీ చేలో దిగాలా మేము? పొద్దుగూకిందాకా చెయ్యాలా? మీ చేతికి గడియారం ఉంది. మీ ఇంట్లో గోడకుంది. బస్సుకి టైము చూస్తారు, రేడియోలో వార్తలకి టైము చూస్తారు, మందుబిళ్ళకి టైము చూస్తారు. మమ్మల్ని లేపటానికి మాత్రం చుక్క చూడమంటారు. ఎందుకని? గడియారం అయితే మీకు అబద్ధమాడటం కష్టం. చుక్క అయితే ఏది పొడిచినా వేగుచుక్కే!"

"నోరు అదుపులో పెట్టుకో!"

"ఇన్నాళ్ళూ అదుపులోనే పెట్టానయ్యా. పెట్టి ఏం బావుకున్నా? నా మరదలు మీ చావిట్లో పేడ ఎత్తుతుంది. వచ్చేపోయేవాళ్ళు దాన్ని చూసి తాగుబోతోడి పెళ్ళాం అంటున్నారు. రేపు అరుగు మీద మళ్ళీ కూర్చోండి. ఈ అమ్మగారు చెప్పింది పెద్దలకి చెప్పండి. వాడు తాగలేదని ఒప్పుకోండి. దాన్ని ఇంటికి పంపించండి. నాకు ఇంకేమీ ఒద్దు."

వరప్రసాదరావు నవ్వాడు. కోపం కంటే ఆ నవ్వు అన్యాయంగా ఉంది.

"సరే, కూర్చుంటా. కూర్చుని ఏం చెప్పాలో కూడా చెప్పరా. చుక్క చూసింది ఎవరు? నేనా? నేను ఇంట్లో పడుకున్నా. వేగుచుక్క పొడిచిందిరోయ్ అని పల్లె తిరిగి కేకేసింది ఎవరు? నీ తమ్ముణ్ణి నిద్రలోంచి లేపి బావి దగ్గరికి తోలింది ఎవరు? నువ్వేగదరా! తప్పుడు చుక్క చూసింది నువ్వు. వాణ్ణి చంపింది నువ్వు. అది చెప్పమంటావా పెద్దలకి?"

టైలరు తల దించుకున్నాడు. పక్కనున్న కోర్టు గుమస్తా చూపు లాంతరు మీదకు మళ్ళించాడు.

ఇన్ని పొద్దులుగా స్తెఫను తన లోపల తనకు తాను చెప్పుకుంటున్న మాట అదే. పరాయివాడి నోట వినేసరికి, అదీ ఆ నోట వినేసరికి, గుండెలో గునపం దించినట్టైంది. కానీ దాంతోపాటే ఇంకోటి కూడా జరిగింది. ఇన్నాళ్ళూ లోపల కుళ్ళుతున్నది బయటపడింది. బయటపడ్డదాన్ని తిప్పి చూడొచ్చు.

"నేనే కేకేశా" అన్నాడు. "పెద్దలకి చెప్పండి. నేనూ చెప్తా. చుక్క చూడటం నాకెవరు నేర్పారు? మీ నాన్నగారు. తూర్పున ఏది పెద్దగా ఉంటే అదే వేగుచుక్కరా, లేపు అన్నారు. చిన్నప్పుడు బళ్ళోనుంచి లాక్కొచ్చి చావిట్లో కట్టేసి నేర్పిన చదువు అదొక్కటే. ఆ చదువుతోనే నా తమ్ముణ్ణి లేపా. వాడు అడిగాడు. అన్నా, రాత్రి పడమటున్నది తూర్పుకెట్టా వచ్చిందని అడిగాడు. వాడికి తెలిసింది. నేను మూసుకోమన్నా. ఆ పాపం నాది, నేను మోస్తా. మీ వంతు మీరు మొయ్యండయ్యా!"

దుప్పటి తీసి భుజాన వేసుకున్నాడు.

"రేపటి పొద్దున నేను పిలవను. ఏ చుక్క పొడిచినా పిలవను. మొహాలు కనపడే వెలుతురు వచ్చినాక వస్తాం. మీ ఇష్టం."

"రావద్దు! ఒక్కడూ రావద్దు!" వరప్రసాదరావు గొంతు రోడ్డు మీదకి వినపడింది. "ఏం వెంకటరత్నం గారూ, చూస్తూ నిలబడ్డారేంటి? ఈ క్లాసు ఈ పూటతో సరి. ఈ టెలిస్కోపు జీపులో పెట్టించండి. ఆ మేడమ్ గారి సంగతి కమిటీలో చూద్దాం. మా ఇల్లు నిద్రలో ఉండగా ఎక్కడో బావి దగ్గర ఒకడు జారిపడితే, ఆ పాపం నాకు చుడతారా? వాడు మా గుమ్మం ఎక్కాడా? నాకొచ్చి చెప్పాడా, బాబుగారూ ఇంకా తెల్లారలేదని? చెబితే కదా నాకు తెలిసేది!"

"అబ్బాయ్."

అప్పటిదాకా అందరూ మర్చిపోయిన గొంతు అది. పున్నమ్మ కుర్చీలోంచి కదల్లేదు. ఆవిడ కొడుకు వంక చూడటం లేదు. స్టూలు మీద వెలుగుతున్న లాంతరునే చూస్తోంది.

"నువ్వు ఊరుకో అమ్మా. చలిలో కూర్చున్నావ్, పద పోదాం."

"ఎక్కడికి పోతాను? ఇంటికే గదా. ఆ ఇంట్లో గడియారం కొడుతుంటే ముసలిముండకి నిద్రపట్టదు. ఆ పొద్దు కూడా పట్టలేదు." ఆవిడ గొంతులో తడి లేదు, తొందర లేదు. "స్తెఫనూ, ఇటు రారా. నీ తమ్ముడు మా గుమ్మంలోకి వచ్చాడు. చీకటిగా ఉందమ్మగారూ, లాంతరు ఇప్పించండి, దిగుతానన్నాడు. నేనే వెలిగించి నా చేత్తో ఇచ్చా."

స్తెఫను కాళ్ళ కింద కంకర కిర్రుమంది. బావి దగ్గర లాంతరు దొరకలేదు. ఎవరూ వెతకలేదు.

వరప్రసాదరావు రెండడుగులు వేసి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, లేస్తావా లేవవా?"

ఆవిడ చెయ్యి విదిలించుకుంది. అప్పుడు తిప్పింది తల కొడుకు వైపు.

"వాడు గేటు దాటకముందే ఆ లాంతరు లాక్కుని ఆర్పింది ఎవరో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"